తిత్తిలో గాలి

కారు కొనేవాళ్లు రంగు చూస్తారు. సీటు తోలుదా, రెగ్జినుదా అని గోటితో గిల్లి చూస్తారు. డిక్కీ తెరిచి ఎన్ని సూట్‌కేసులు పడతాయో లెక్క వేసుకుంటారు. పూజ చేయించి నిమ్మకాయలు తొక్కించేటప్పుడు తప్ప చక్రాల వైపు కన్నెత్తి చూసేవాళ్లు తక్కువ. ఆ చక్రానికీ, మనం కూర్చున్న సీటుకీ మధ్య ఏముందో, అది ఎన్నాళ్లు బతుకుతుందో విచారించిన ఇల్లాలిని నేను ఇంతవరకు చూడలేదు. ఏడాదిగా నాకు మాత్రం ఆ విచారమే సరిపోయింది. కథ రాయడానికి కూర్చుంటే కాగితం మీద షాకప్సర్లు కనిపిస్తున్నాయి!

దీనికంతకీ మూలం మా అత్తగారి నడుము.

ఆవిడకి డెబ్బై ఎనిమిదేళ్లు. ముందటేడు వెన్నుకి ఆపరేషను జరిగింది. పూసకీ పూసకీ మధ్య మెత్తలుంటాయిట. వయసు మీదపడేకొద్దీ వాటిలో నీరు తగ్గి, పలచబడి, చివరికి ఎముక మీద ఎముక కూర్చుంటుందిట. డాక్టరుగారు ఫిల్మును దీపం ముందు పెట్టి అంతా వివరంగా చూపించారు. "మూడు నాలుగేళ్ల నుంచీ నొప్పి ఉండి ఉండాలే, ఎప్పుడూ చెప్పలేదా?" అని అడిగారు. మేం ఆవిడ మొహంకేసి చూశాం. ఆవిడ గోడకేసి చూసింది. "ఏం నొప్పిలెండి, వయసన్నాక..." అని ఊరుకుంది. మా ఇంట్లో ఏం అడిగినా ఆవిడ జవాబు ఒక్కటే: "ఏం లేదమ్మా." జ్వరమొచ్చినా ఏం లేదమ్మా, మనసు కష్టపడినా ఏం లేదమ్మా.

"కుదుపులు తగలనివ్వకండి," అని డాక్టరుగారు చివర్న ఒక మాట పారేశారు. హైదరాబాదులో కాపురం ఉంటూ కుదుపులు తగలకుండా బతకడమెలాగో ఆయనా చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఏటా రెండు ప్రయాణాలు మాత్రం ఆవిడకి తప్పవు. సంక్రాంతికి ఊరు. శ్రావణంలో మామగారి ఆబ్దికం, అదీ ఊళ్లోనే, ఆయన కట్టించిన పెంకుటింట్లోనే జరగాలి. నందిగామ దాకా జాతీయ రహదారి నున్నగా ఉంటుంది, ఫరవాలేదు. అక్కణ్ణించి లోపలికి పద్నాలుగు కిలోమీటర్లు నల్లరేగడి నేల. ఆ నేల వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది. దాని మీద ఎంత గొప్ప తారు పోసినా రెండేళ్లు తిరక్కుండా అలలు లేస్తుంది. మా చిన్న కారులో ఆ దారిన వెళ్లిరావడమంటే ఆవిడకి మళ్లీ ఆపరేషను బల్ల ఎక్కడమే.

అందుకని మా మరిది ఒక పెద్ద బండి కొన్నాడు. తల్లిని దగ్గర ఉంచుకోవడానికి వీలు కుదరనివాడు ఏదో ఒకటి కొంటూ ఉంటాడు, తప్పు పట్టకూడదు. తొమ్మిదేళ్ల వయసు, ఎనభై వేల కిలోమీటర్లు తిరిగిన విదేశీ ఎస్‌యూవీ. కంపెనీ పేరు చెప్పను, ఏ కంపెనీ పెద్ద బండిదైనా ఇంచుమించు ఒకటే కథ. కొత్తలో కోటికి దగ్గరగా పలికిన బండిని పద్నాలుగు లక్షలకి తెచ్చాడు. "వదినా, ఇందులో అడాప్టివ్ సస్పెన్షనుంది. గుంతలో పడినా అమ్మకి తెలియదు," అన్నాడు. కోటి రూపాయల బండి పద్నాలుగు లక్షలకి ఎందుకు దిగిందని మావారు అడిగారు. మరిది, "డిప్రీసియేషన్," అన్నాడు. ఇంగ్లీషు ముక్క వినబడగానే మావారు ఊరుకుంటారు.

మొదటి సంక్రాంతికి బండెక్కి వెళ్లాం. ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ నల్లరేగడి అలల మీద పడవ మీద వెళ్లినట్టు వెళ్లాం. మా అత్తగారు నందిగామ దాటాక నిద్రపోయింది! ఆ దారిలో ఆవిడ నిద్రపోవడం పెళ్లయి వచ్చినప్పటినుంచి నేను చూడలేదు.

ఇంతకీ ఆ సుఖం ఎక్కణ్ణించి వచ్చిందో తెలుసుకోవాలనిపించింది. నేను చదివింది బి.ఏ. అయినా బండి కిందికి వంగి చూడటానికి డిగ్రీ అక్కర్లేదుగా!

నా చిన్నప్పుడు మా నాన్నగారి అంబాసిడరుకి వెనక చక్రాల మీద కమాను పట్టీలుండేవి. ఒకదానిమీదొకటి పేర్చిన ఇనుప పట్టీలు. ఒక పట్టీ విరిగితే కమాన్ల కొట్టువాడు ఇంకోటి కొట్టి బిగించేవాడు. బరువు మోసేది ఈ స్ప్రింగు. కానీ స్ప్రింగుకొక దురలవాటుంది. ఒకసారి నొక్కితే ఊరుకోదు, పైకీ కిందకీ ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపు ఆపడానికి పక్కన షాకప్సరు ఉంటుంది. గొట్టంలో నూనె, నూనెలో ఒక ముషలకం, దానికి సన్నటి రంధ్రాలు. చక్రం ఎగిరినప్పుడల్లా నూనె ఆ రంధ్రాల్లోంచి దూరి రావాలి. అలా దూరడంలో ఊపు కాస్తా వేడిగా మారి చల్లారిపోతుంది. పుస్తకాల్లో దీని పేరు షాక్ అబ్జార్బర్. మెకానిక్కుల నోట షాకప్సరు. నాకు రెండోదే బాగుంది.

మామూలు కారుకి ఇంతటితో సరి. పెద్ద ఎస్‌యూవీకి ఇది చాలదు. అది రెండున్నర టన్నుల బరువు, పైగా ఎత్తు. మెత్తటి స్ప్రింగు వేస్తే మలుపులో పక్కకి ఒరుగుతుంది. గట్టిది వేస్తే ప్రతి గుంతా వీపుకి తగులుతుంది. మెత్తగానూ ఉండాలి, గట్టిగానూ ఉండాలి — మన ఇళ్లల్లో కోడళ్లని ఉండమన్నట్టు! అప్పుడు షాకప్సరులోకి కరెంటు కవాటం వచ్చింది. చక్రాల దగ్గర ఎత్తు కొలిచే కడ్డీలు, కుదుపు కొలిచే పరికరాలు ఎప్పటికప్పుడు కబురు పంపుతుంటే, కంప్యూటరు ఆ కవాటాన్ని తెరుస్తూ మూస్తూ నూనె దారిని ఇరుకు, వెడల్పు చేస్తుంటుంది. రెప్పపాటులో ఎన్నోసార్లు. దారిని బట్టి మెత్తబడటం, గట్టిపడటం. అదే అడాప్టివ్ అంటే.

కవాటం లేకుండా ఇంకో ఉపాయం కూడా ఉంది. నూనెలో సన్నటి ఇనుప రజను కలిపి, చుట్టూ తీగచుట్ట పెట్టి కరెంటు ఇస్తే రజను వరసలు కట్టి నూనె ఒక్కసారిగా చిక్కబడుతుంది. కరెంటు ఆపితే మళ్లీ నీళ్లలా పారుతుంది. 1940ల్లో అమెరికా ప్రభుత్వ ప్రయోగశాల నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో జేకబ్ రాబినో అనే ఇంజనీరు ఈ ద్రవాల మీద పనిచేశాడు. అది కారు కిందికి చేరడానికి యాభై ఏళ్లు దాటింది. 2002 మోడలు కాడిలాక్ సెవిల్‌లో మొదట పెట్టారు. తరవాత అదే కంపెనీ ఎస్కలేడ్ లాంటి ఏనుగు బళ్లకీ ఎక్కింది.

మా బండిలో కవాటాల షాకప్సర్లే. కానీ వాటి చుట్టూ ఇనుప స్ప్రింగులకి బదులు రబ్బరు తిత్తులున్నాయి. లోపల గాలి. అచ్చం కమ్మరి కొలిమి తిత్తిలాగానే మడతలు పడి లేచే తిత్తి. రెండున్నర టన్నుల బండీ, అందులో మేమూ, మా అత్తగారూ, ఊరి నుంచి తెచ్చుకునే బియ్యం బస్తాలూ, అంతా కూర్చునేది గాలి మీద. ఆ గాలి ఎక్కించడానికి ఒక చిన్న కంప్రెసరు. గాలిలో తేమ పీల్చడానికి దానికొక డబ్బా. కొత్త హ్యాండుబ్యాగులో తెల్లగుళికల పొట్లం ఉంటుంది చూడండీ, ఆ పనే. ఏ చక్రానికి ఎంత గాలి పంపాలో పంచిపెట్టే కవాటాల పెట్టె ఒకటి.

ఇదేమీ నిన్నటి విద్య కాదు. ఆర్టీసీ వారి గరుడ బస్సెక్కినవాళ్లంతా గాలి తిత్తుల మీద ప్రయాణం చేసినవాళ్లే. 1955 అక్టోబరులో పారిస్ ప్రదర్శనలో సిట్రోయెన్ డి.ఎస్. అనే కారుని పెట్టారు. దాని కింద స్ప్రింగులు లేవు, నైట్రోజను వాయువూ నూనే నింపిన గోళాలున్నాయి. మొదటిరోజే పన్నెండు వేల మంది ఆర్డరిచ్చారుట. ఇంజను ఆపి వదిలేస్తే అది మెల్లగా కిందికి దిగి కూర్చునేది, స్టార్టు చెయ్యగానే ఒళ్లు విరుచుకుని లేచేది. 1962లో ఫ్రాన్సు అధ్యక్షుడు డిగాల్ మీద తుపాకులు పేల్చినప్పుడు టైర్లు చిరిగినా ఆయన్ని తప్పించి తీసుకుపోయింది ఈ బండే. ఆ గోళాల్లో నైట్రోజను ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా ఊరి పోతుంది. అక్కడివాళ్లు అప్పుడప్పుడూ గోళాలు మార్చుకోవడమో, వాయువు నింపించుకోవడమో చేసేవాళ్లు. మనం గ్యాసు సిలిండరు మార్చుకున్నట్టే. దాన్ని జబ్బనుకోలేదు, ఖర్చు అనుకున్నారు.

అమెరికాలో ఇందుకు భిన్నంగా జరిగింది. 1957లో కాడిలాక్ ఎల్డొరాడో బ్రౌమ్ అని పదమూడు వేల డాలర్ల కారుకి గాలి తిత్తులు వేశారు. ఆ రోజుల్లో ఆ డబ్బుకి ఇల్లొచ్చేది. ఆ తిత్తులు కారాయి. బండ్లు కూలబడ్డాయి. చాలామంది శ్రీమంతులు తిత్తులు ఊడబెరికించి ఇనుప స్ప్రింగులు వేయించుకున్నారు. రెండేళ్లలో ఆ బళ్లు చేసినవే 704. ఈ సంగతి చదివిననాడు నాకు మా ఇంటి ముందు బండి గుర్తొచ్చి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎందుకంటే అప్పటికి మా బండి కూడా కూర్చుని ఉంది!

అది పట్టక సెల్లారులో పెట్టడం కుదరలేదు. మా మొదటి అంతస్తు బాల్కనీ కిందే ఎండలో ఉంటుంది. ఆషాఢంలో ఒకరోజు పొద్దున్నే వాచ్‌మన్ కిందనుంచి కేక పెట్టాడు. శ్రీకాకుళం మనిషి. "అమ్మగోరూ! బండి కూకుండిపోనాదండీ!" వెళ్లి చూద్దునుకదా, ముందు ఎడమ వైపు చక్రం మీదికి దిగిపోయి, బురదలో మోకాలు వంచిన గేదెలా ఉంది. స్టార్టు చేస్తే ఎక్కడో గుర్రుమని చప్పుడు, మెల్లగా లేచింది. మర్నాడు మళ్లీ కూకుండిపోయింది. నాలుగోరోజు లేవలేదు. అద్దం ముందు పసుప్పచ్చ దీపం వెలిగి అలాగే ఉండిపోయింది.

శ్రావణంలో ఆబ్దికానికి ఇంక ఇరవై మూడు రోజులుంది.

ఒక పెద్ద షెడ్డువాళ్లు బండిని తీసుకుపోయి, నాలుగు వైపులా తిత్తులు, కంప్రెసరు, కవాటాల పెట్టె అన్నీ మార్చాలని తొమ్మిది లక్షల నలభై వేలకి చీటీ రాసిచ్చారు. కోటి బండి పద్నాలుగు లక్షలకి ఎందుకు దిగిందో ఆ చీటీ చూశాక మావారికి అర్థమైంది. "ఇదన్నమాట డిప్రీసియేషన్!" అన్నారు. మరిది మాట్లాడలేదు.

చివరికి బాలానగర్ వైపు ఇవే బళ్లు బాగుచేసే ఒక మెకానిక్కు దొరికాడు. ముప్ఫై ఏళ్ల కుర్రాడు. స్కాను యంత్రాలూ అవీ ఉన్నాయి గానీ ముందు అతను తెప్పించింది ఒక మగ్గులో సబ్బునీళ్లు. బండికి బయటినుంచి గాలి ఎక్కించి లేపాడు. దాని కింద ఉక్కు స్టాండ్లు పెట్టాడు. "గాలి మీద నిలబడ్డ బండి కిందికి స్టాండ్లు లేకుంట ఎవ్వలు దూరద్దు మేడం. గాలి పోతే పానం పోతది," అన్నాడు. తర్వాత తిత్తి మడతల మీద సబ్బునీళ్లు చల్లాడు. "ఇగ చూడుండ్రి, బుడగలొస్తున్నయ్."

వచ్చాయి. సన్నగా, వరసగా, పసిపిల్లవాడి నోట్లో చొంగ బుడగల్లా. రబ్బరు ఎక్కడ మడతపడుతుందో సరిగ్గా అక్కడ, వెంట్రుక పగుళ్లు.

"కంప్రెసరు ఎట్ల కాలింది మరి?" అని మావారు అడిగారు. ఆయన చిన్నప్పుడు వరంగల్లులో చదువుకున్నారు, మెకానిక్కుల దగ్గర ఆ భాష బయటికొస్తుంది.

ఆ కుర్రాడు చెప్పిందంతా నా మాటల్లో రాస్తాను. తిత్తి పగలడం ఒక్కరోజులో జరగదు. ఏడాది కిందటే చిల్లు మొదలై ఉంటుంది. రాత్రి కాస్త గాలి పోతుంది. పొద్దున స్టార్టు చెయ్యగానే చక్రం దగ్గర కడ్డీ చూసి, కంప్యూటరు కంప్రెసరుని పిలిచి, ఆ లోటు పూడ్పిస్తుంది. మనకి తెలియదు. చిల్లు పెద్దదవుతుంది, కంప్రెసరు ఇంకాస్తసేపు పనిచేస్తుంది. అప్పుడూ తెలియదు. దాన్ని కాసేపు పని చెయ్యడానికి చేశారు, అది నిమిషాల తరబడి చేస్తోంది. వేడెక్కి వేడెక్కి లోపలి రింగు అరిగిపోయింది. తేమ పీల్చే గుళికలు ఇంక పీల్చలేక వదిలేశాయి, ఆ తేమ కవాటాల్లోకి పోయింది. ఇంత జరుగుతున్నా బండి మాత్రం పొద్దున మేం వచ్చేసరికి సమంగా నిలబడి, ఏం లేదమ్మా అన్నట్టు ఉంది.

"సౌండ్ ఎన్ని సెకండ్లొస్తుందో ఎప్పుడన్న లెక్కవెట్టిన్రా మేడం? అగో, అదొక్కటే చెప్తది. కొంతమంది కంప్రెసరు కాలిందని అదొక్కటే కొత్తది ఏపిస్తరు. బుగ్గకు చిల్లు అట్లనే ఉంటది. ఆర్నెల్లల్ల కొత్తది గూడ పోతది. అది కష్టపడ్డది గంతే, తప్పు దానిది గాదు."

ఆ మాట అతను స్పానరు తుడుచుకుంటూ అన్నాడు. మా అత్తగారు ఆ సమయంలో షెడ్డు బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. నేను ఆవిడకేసి చూడకుండా ఉండలేకపోయాను.

ఎన్నాళ్లు బతుకుతాయివి అంటే, మెకానిక్కులు సాధారణంగా చెప్పేది లక్ష కిలోమీటర్లు, అటో ఇటో. కానీ రబ్బరుకి కిలోమీటర్లకంటే వయసే ముఖ్యం. కదలకుండా ఎండలో నిలబెట్టిన బండిలోనూ అది గట్టిపడి పగులుతుంది. మా వేసవి సంగతి చెప్పాలా! దారి దుమ్ము మడతల్లో చేరి గరుకు కాగితంలా రుద్దుతుంది. వీధికి నాలుగు స్పీడు బ్రేకర్లు. పెద్ద చక్రానికి సన్నటి టైరు వేసి అందం చేస్తారు, ఆ టైరు మింగని దెబ్బ కూడా తిత్తే మింగాలి. ఎలుకలు గాలి గొట్టాలు కొరుకుతాయిట. అది ఏ విదేశీ కంపెనీవాడూ లెక్కలో వేసుకుని ఉండడు. షాకప్సరు సంగతి ఇంకా చిత్రం. తిత్తి పోతే బండి కూర్చుంటుంది, తెలుస్తుంది. లోపలి నూనె కారి, సీలు అరిగి, షాకప్సరు బలహీనపడితే ఏమీ తెలియదు. రోజూ ఎక్కేవాళ్లకి రోజూ కొంచెం అలవాటైపోతుంది. టైర్లు గుంటలు గుంటలుగా అరగడం, బ్రేకు వేసినప్పుడు బండి ఇంకా కాస్త దూరం పోయి ఆగడం, అప్పటిగ్గానీ బయటపడదు.

బస్సుల్లో తిత్తి విడి, షాకప్సరు విడి. తిత్తి పోతే తిత్తే మారుస్తారు. ఈ బళ్లలో ముందు వైపు రెండూ కలిపి ఒకే స్తంభంలా చేశారు. అర చెయ్యంత రబ్బరు పగిలినందుకు స్తంభమంతా కొనమంటారు. ఇంజనీర్లు దీనికేదో కారణం చెబుతారు, ఉండే ఉంటుంది. నాకు మాత్రం గుండీ ఊడితే జాకెట్టు పారెయ్యమన్నట్టుంది.

మా ముందు మూడు దార్లున్నాయి. కొత్త సరుకు, తొమ్మిది లక్షల పైచిలుకు. లేదా, పాత స్తంభాలకే కొత్త తిత్తులు ఎక్కించి బాగుచేసినవి ముందు రెండు వైపులా వేసి, కంప్రెసరు మార్చి, కవాటాలు శుభ్రం చేస్తే రెండు లక్షల అరవై వేలు. ఒకటే పాడైనా జంటగానే మార్చాలిట. రెండోది కూడా ఆ వయసుదేగా! అదీ కాదంటే తిత్తులన్నీ తీసేసి ఇనుప స్ప్రింగులు, లక్షా పదివేలు. ఇనుప స్ప్రింగులు బండి ఉన్నంతకాలం ఉంటాయి. కాకపోతే ఎత్తు మారదు, బరువెక్కితే వెనక కుంగుతుంది, దీపం వెలక్కుండా కంప్యూటరుని మాయచెయ్యాలి.

మావారు ఇనుము వైపు. మరిది బండి అమ్మేద్దామన్నాడు. వెన్ను విరిగిన బండిని ఎవరు కొంటారు? వాళ్లిద్దరూ వాదించుకుంటుంటే ఆ కుర్రాడే ఉపాయం చెప్పాడు. ఇదే రకం బండి ఇనుప స్ప్రింగులు వేసింది అక్కడొకటుంది, అందులో అమ్మని ఒక చుట్టు తిప్పి చూడమన్నాడు.

అత్తగారు వెనక సీట్లో, పక్కన నేను. సందులో మూడు స్పీడు బ్రేకర్లు. ఇనుమైనా చెడ్డగా ఏం లేదు. మా చిన్న కారుకంటే నయమే. మొదటిదాని మీద మావారు వెనక్కి తిరిగి, "ఎలా ఉందే అమ్మా?" అన్నారు. "బానే ఉందిరా." రెండోదాని మీద, "నడుముకి తగిలిందా?" అన్నారు. "ఏం లేదురా." మావారు నిశ్చింతగా ముందుకి తిరిగారు. మూడోదాని మీద నేను మొహం చూడలేదు, చెయ్యి చూశాను. తలుపు పైన పట్టుకునే పిడిని ఆవిడ పట్టుకున్న పట్టుకి వేళ్ల కణుపులు తెల్లబడి ఉన్నాయి. సంక్రాంతికి నందిగామ దాటాక ఇదే చెయ్యి ఒళ్లో తెరుచుకుని పడి ఉండగా నేను చూశాను.

షెడ్డుకి రాగానే, "తిత్తులే వెయ్యి బాబూ," అన్నాను ఆ కుర్రాడితో. మావారు ఆశ్చర్యపోయారు. "అమ్మే బావుందంది కదా!" అన్నారు. నలభై తొమ్మిదేళ్లుగా ఆవిడ కొడుకు ఆయన. ఏం చెప్పను?

అత్తగారు డబ్బు మాట విని గోల పెట్టింది. రెండు లక్షల అరవై వేలు, ఎన్నాళ్లుంటాయిరా అబ్బాయీ అవి, అని మెకానిక్కునే అడిగింది. "మంచిగ చూస్కుంటే నాలుగైదేండ్లు అమ్మా," అన్నాడు. ఆవిడ కాసేపు లెక్క వేసుకుంది. "సరేలే. అయితే వెయ్యి," అంది.

వేశాడు. కంప్యూటరు తగిలించి నాలుగు చక్రాల ఎత్తూ మళ్లీ నేర్పించాడు. జాగ్రత్తలు చెప్పాడు. టైరు మార్చేటప్పుడు జాకీ మోడ్ నొక్కి మరీ ఎత్తాలి, లేకపోతే కంప్యూటరు బండి ఎత్తు సరిచేద్దామని గాలితో ఆడుకుంటుంది. కూర్చున్న బండిని ఈడ్చుకుంటూ నడపకూడదు. ఊరి నుంచి రాగానే తిత్తుల మీద దుమ్ము కడగాలి. మీలో ఎవరైనా ఇలాంటి పాత బండి బేరం ఆడుతుంటే నేను చెప్పేది ఒకటే. పగలు మెరుగుపెట్టి చూపించే బండిని చూసి రాకండి. రాత్రంతా ఆపి ఉంచిన బండిని, స్టార్టు చెయ్యకముందు, తెల్లారుజామున వెళ్లి చూడండి. నాలుగు చక్రాల మీద ఎత్తు సమంగా ఉందేమో చూడండి. స్టార్టు చేశాక ఆ గుర్రు ఎంతసేపొస్తుందో నోట్లో లెక్కపెట్టండి. అమ్మేవాడు ఆ టైములో రేడియో పెడితే మరీ జాగ్రత్తగా వినండి.

ఆబ్దికానికి వేళకి చేరాం. చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర టీ తాగినప్పుడు తప్ప ఆవిడ దారి పొడుగునా నిద్రే.

ఇంకొక సంగతి. టైరు పై అంచుకీ, మడ్‌గార్డు అంచుకీ మధ్య సందు రోజూ పొద్దున్నే చూసుకోమన్నాడు మెకానిక్కు. మా బండికి నాలుగు వేళ్లు పట్టాలిట. మూడు వేళ్లు పడితే ఫోను చెయ్యాలి. ఆ పని వాచ్‌మన్‌కి అప్పజెప్పాను. అతను బండి తుడిచే ముందు ముందు చక్రం మీద చెయ్యి దూర్చి కొలుస్తాడు. కొలిచి, బాల్కనీలో కాఫీ తాగుతూ కూర్చున్న మా అత్తగారికి వినబడేలా కేక పెడతాడు. వాళ్ల వైపు వేలుని ఏలు అంటారు. అందుకని ఆ కేక ఇలా ఉంటుంది:

"నాలుగేళ్లండీ మామ్మగోరూ!"

మొదటిరోజు ఆవిడ ఉలిక్కిపడింది. తరవాత అర్థమై నవ్వింది. ఇప్పుడు కేక వినబడేదాకా కాఫీ ముట్టుకోదు.

"చూశావుటే అమ్మాయ్," అంది నిన్న నాతో. "రెండు నెలలైంది. రోజూ నాలుగేళ్లే అంటాడు. ఒక్కరోజైనా తగ్గించడు!"